పచ్చబొట్టు మందు

మే నెల. పొద్దున్న ఎనిమిదైనా కాకుండానే అనకాపల్లి పెనంలా కాలుతోంది. అంత ఎండలో కూతురు సత్యవేణి పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని కూర్చుంటే తలుపులమ్మ మనసు కీడు శంకించింది. పిల్ల ఎడమచెయ్యి ఒళ్లోంచి పైకి తీయడం లేదు. చద్దన్నం ముట్టడం లేదు.

ఎగిరి గంతులెయ్యాల్సిన పిల్ల! విశాఖపట్నంలో ఏడాదిపాటు ఎయిర్‌హోస్టెస్ కోర్సు చదివి సర్టిఫికెట్ తెచ్చుకుంది. విమానాల కంపెనీ ఇంటర్వ్యూలోనూ నెగ్గింది. ఇక సోమవారం హైదరాబాదులో డాక్టర్ల పరీక్ష ఒక్కటే మిగిలింది.

"ఏటే, జొరమేటి?"

"కాదమ్మా."

"మరి ఆ సొక్కా ఏటి? ఉడికి సచ్చిపోతావు."

"నన్నొదిలెయ్యమ్మా!"

తలుపులమ్మ గిన్నెలు తోముదామని పెరట్లోకి వెళ్లింది. నీళ్లతొట్టి వెనక కొబ్బరిచిప్ప కనబడింది. అందులో తడిసున్నం, ముక్కు మండించే ఘాటు. పక్కనే నెత్తురంటిన గుడ్డ.

కిందటి వారం పక్కింటి కాసులమ్మ, "మా కోడలి పచ్చబొట్టు ఎలాగ పోతాది వదినా?" అని అడిగితే, సున్నంలో ఏమేం కలిపి కట్టాలో పెద్ద వైద్యురాలిలా తానే చెప్పింది. ఆ మందు ఒక్కరికైనా రాసి చూసిన పాపాన పోలేదు, ఎవరో అనగా విన్నదే. ఆ పూట సత్యవేణి గుమ్మంలోనే నిలబడి ఉంది.

తలుపులమ్మ ఒక్క పరుగున లోపలికొచ్చింది. "సూపించు! సెయ్యి సూపించు!"

"ఒద్దమ్మా, నొప్పి!"

వినకుండా చొక్కా పైకి లాగింది. ముంజేతి మీద తోలు ఊడి ఎర్రగా మాంసం కనబడుతోంది. 'సత్యవేణి, గవరపాలెం' అన్న అక్షరాలు సగం పోయి, సగం నల్లగా అలాగే ఉన్నాయి.

"ఓలమ్మో! ఎంత పని సేసేవే! నూకాలమ్మ జాతర్లో పొడిపించింది కదే అది!"

"పొడిపించమని నేనడిగేనేటి? సేతుల మీద పచ్చబొట్టుంటే ఉద్యోగం ఇవ్వరు. ఇంటర్వ్యూలో దాచేను గానీ డాక్టర్ల కాడ దాగదు. నీకు సెప్తే గోల పెడతావని సెప్పలేదు. నాకప్పుడు నాలుగేళ్లు. నేనేడుత్తంటే నా సెయ్యి అదిమి పట్టుకున్నది నువ్వే!"

నిజమే. జనంలో పిల్ల తప్పిపోతే పేరూ పేటా చూసి ఎవరైనా ఇంటికి చేరుస్తారని ఆశ. తలుపులమ్మ గబగబా ఆ చేతి మీద చెంబులతో నీళ్లు పోసి, ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"ఇంకో రోజు ఊరుకుంటే చెయ్యి పాడైపోయేది. మానడానికి రెండు నెలలు పడుతుంది. మచ్చ మాత్రం పోదు," అన్నాడు డాక్టరు కట్టుకడుతూ.

బయట బల్ల మీద కూర్చున్నాక తలుపులమ్మ కూతురి మొహం చూడలేకపోయింది.

"ఆ మందు సెప్పింది నేనే తల్లీ. తెలిసీ తెలీక వాగేను. పొడిపించిందీ నేనే, కాల్సిందీ నేనే. తప్పిపోతావేటో అని బయపడ్డాను గానీ, నీ అంతట నువ్వే ఎల్తానంతావని ఒక్కనాడూ అనుకోనేదే!"

పొద్దున్నించీ పళ్లబిగువున ఓర్చుకున్న పిల్ల తల్లి భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇంక నన్నెవరూ తీసుకోరమ్మా."

తలుపులమ్మ కొంగుతో ఆ పిల్ల కళ్లు తుడిచింది. తన కళ్లు తుడుచుకోవడం మరిచిపోయింది.

"సోమారం ఇద్దరం ఎల్దాం. ఈ కట్టుతోటే ఎల్లి అడుగుదాం. కాదంటే ఇంకో కంపెనీకి ఎల్దాం. ఈ మచ్చేటని ఎవరడిగినా నువ్వు నోరిప్పకు. మా అమ్మ సేసిందని నేనే సెప్తాను."