కోటా మళ్లీ పెట్టిందెవరు?

మూతి పగిలి, చొక్కా నిండా రక్తంతో సాయిచరణ్ సాకేత్‌లోని డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చిపడ్డాడు. గురుగ్రామ్ కంపెనీలో తోటివాళ్లే చితకబాదారట. అక్కడి సిస్టమ్ అడ్మిన్ రఘునందన్ సర్వర్ రూములో తల పగిలి చచ్చిపడి ఉన్నాడు.

"'చంపేస్తా వీణ్ణి' అని అరుస్తూ లోపలికెళ్లింది నేనే సార్. అప్పటికే పోయాడు. నన్ను జైల్లో వేసేస్తారు!"

"ఎందుకరిచావు?" అన్నాడు డిటెక్టివ్ భీమేశ్వరరావు.

"డిస్కులో ఒక్కొక్కరికీ ఇంతే చోటని కోటా ఉంటుంది సార్. నాది నిండిపోయి పొద్దున గొడవపడ్డా. పోన్లే అని రఘు కోటా మొత్తం ఆపేశాడు. నా పాత ఫైళ్లు చెరిపేసి పని చేసుకుంటుంటే, ఠక్కున 'కోటా నిండింది' అని ఆగింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. మాట తప్పాడని ఒళ్లు మండింది."

అసిస్టెంట్ ప్రవల్లిక దూదితో అతని మూతి తుడిచింది. పాపం, ఎంత కొట్టారో!

ముగ్గురూ గురుగ్రామ్ వెళ్లేసరికి సర్వర్ రూము గోడల మీద రక్తం ఇంకా ఆరలేదు. పక్కనే మంటలార్పే గ్యాస్ సిలిండర్ సొట్టపడి ఉంది. కోటా మళ్లీ మొదలైన క్షణమే కెమెరా రికార్డింగూ ఆగిపోయింది. డిస్కు లెక్క చూసుకోకుండా రఘు ఏనాడూ కోటా పెట్టడని ఉద్యోగులు చెప్పారు.

"కక్షకొద్దీ రఘునందనే కోటా పెట్టాడు, వీడు చంపాడు. ఖతం!" అన్నాడు మేనేజర్ పృథ్వీరాజ్.

"కోటా పెట్టాలంటే కావాల్సిన రూట్ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?" అడిగాడు భీమేశ్వరరావు.

"రఘుకీ నాకూ. కానీ నేను క్యాంటీన్లో ఉన్నా, భయ్యా."

ప్రవల్లిక కంప్యూటర్ తెర వైపు వేలు చూపింది. "సార్, సాయిచరణ్ ఖాతా సగం ఖాళీ! మరి నిండిందని ఎందుకంది?"

"భేష్!" అన్నాడాయన. ఆమె మొహం వెలిగిపోయింది.

పోలీసుల ఎదుటే అందరినీ హాల్లో కూర్చోబెట్టి చెప్పాడు. "కోటా ఆపి ఉంచినంతసేపూ లెక్క కూడా ఆగిపోతుంది. మళ్లీ పెట్టేముందు డిస్కంతా కొత్తగా లెక్కపెట్టించాలి. లేకపోతే పాత లెక్క పట్టుకుని, ఖాళీ ఉన్నా నిండిందంటుంది. రఘునందన్ ఆ పని చేయకుండా ఏనాడూ కోటా పెట్టలేదని మీరే అన్నారు. ఈసారి పెట్టినవాడికి అంత తీరిక లేదు. కెమెరా రికార్డింగులు దాచే ఖాతా పాత లెక్కలో నిండే ఉంది, దాన్ని ఆపడమే వాడికి కావాలి. పాస్‌వర్డ్ తెలిసిన ఇద్దరిలో ఒకడు చచ్చాడు."

పృథ్వీరాజ్ గాజు జగ్గు పగలగొట్టి ఆయన మెడ మీదికి దూకాడు. ప్రవల్లిక కుర్చీ ఎత్తి మోకాళ్ల మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు హాలంతా వినిపించింది.

"కంపెనీ డేటా అమ్ముతున్నానని రఘు బయటపెడతానన్నాడు!" నేల మీద దొర్లుతూ అరిచాడు. "అందుకే నోరు మూయించా!"

పోలీసులు అతన్ని ఈడ్చుకెళ్లారు. కొట్టినవాళ్లెవరూ సాయిచరణ్ వైపు చూడలేకపోయారు.

"అయితే రఘు మాట తప్పలేదా సార్?" అన్నాడు సాయిచరణ్.

"లేదు."

అతను గోడకి జారబడి భోరుమన్నాడు. "తల పగిలి పడున్న మనిషిని తిట్టుకుంటూ వెళ్లాను సార్."