నలభయ్యో పేరు

పీహెచ్‌డీ అంటే ఏంటని మా లంబాడీ తండాలో ఇప్పటికీ అడుగుతారు. డాక్టరమ్మవైతే సూది వేయాలి కదా, నువ్వేం వేస్తావు అంటారు. నిజానికి నేను సంతకాలు వేయించుకుంటాను. ఎనిమిదేళ్లలో నేర్చుకున్న విద్య అదొక్కటే. గైడ్ సంతకం, లైబ్రరీ వాళ్ల సంతకం, ఆరు నెలలకోసారి రిపోర్టు మీద మళ్లీ అందరి సంతకాలు. ఫెలోషిప్ ఐదో ఏడుతో ఆగిపోయింది. సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని, పొద్దున జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం నుంచి రాసుకునేదాన్ని. నా పేరు నీరజ. మా తండా గరిడేపల్లి దగ్గర.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పనిచేసే తండా ఆడవాళ్ల బతుకు మీద నా పరిశోధన. నలభై మందితో మాట్లాడాలి, వాళ్లు చెప్పింది రాయాలి, పుస్తకం చివర వాళ్ల పేర్లు వరసగా పెట్టాలి. మొదట్లో ఉత్సాహంగానే తిరిగాను. మిల్లు గేటు దగ్గర నిలబడితే పని దిగి వచ్చే వాళ్లు, ఒంటి నిండా ఊక దుమ్ముతో, "రేపు రా బిడ్డా" అనేవాళ్లు. రేపు వెళ్తే ఎల్లుండి అనేవాళ్లు. ముప్పై తొమ్మిది మందయ్యాక నా ఓపిక అయిపోయింది.

నలభయ్యో మనిషిని గదిలో కూర్చుని పుట్టించాను.

పెద్ద తప్పని అప్పుడు అనిపించలేదు. నాతో చదివినవాళ్లలో ఆ పని చేయని వాళ్లు తక్కువ. చాయ్ తాగుతూ ఫారం నింపాను. పేరు జమ్లీ, వయసు యాభై రెండు, పెన్‌పహాడ్ దగ్గర ఒక తండా. జమ్లీ అనే పేరు మాలో మామూలే, ఎవరూ వెతకబోరు. 'కుటుంబంలో జరిగిన నష్టం' అనే గడి ఖాళీగా ఉంచితే బాగుండదని, భర్త మిల్లులో ఉడుకునీళ్ల తొట్టిలో పడ్డాడనీ, మూడు రోజులు అరిచి అరిచి చనిపోయాడనీ రాశాను. రాశాక ఆ మాట నాకే నచ్చింది.

పుస్తకాన్ని పరీక్షించిన ప్రొఫెసర్‌కూ నచ్చింది. గైడ్ సార్ ఫోన్ చేశారు.

"నీరజా, ఆ జమ్లీ ముచ్చట మస్తుగున్నదట. గానీ ఆమె ఒప్పుకున్నట్టు వేలిముద్ర కావాలంటున్నడు. నెలాఖరుకు నీ రిజిస్ట్రేషన్ ఖతం అయితది, మల్ల పొడిగియ్యరు. జల్ది తే."

ఏ జమ్లీ అయితేనేం, బొటనవేలే కదా అనుకున్నాను. మర్నాడు ఫారం, స్టాంపు ప్యాడు సంచిలో వేసుకుని పెన్‌పహాడ్ వైపు బయలుదేరాను.

మిట్టమధ్యాహ్నం. అందరూ పనులకు పోయినట్టున్నారు, తండాలో ఒక్క కుక్క కూడా మొరగలేదు. కిరాణా కొట్టులో రాధమ్మ అనే ఆవిడ ఒక్కతే ఉంది.

"జమ్లీనా? ఈ తండల ఆ పేరుగల్లోళ్లు ఎవ్వరు లేరమ్మా" అంది.

సరే, ఇంకో తండా చూద్దామని వెనక్కి తిరిగాను.

"నీరజా... ఇటు రా."

మా లంబాడీ భాషలో పిలిచారు. చివరి ఇంటి గుమ్మంలో యాభై దాటిన ఆడమనిషి నిలబడి ఉంది. నా పేరు నేను ఎవరికీ చెప్పలేదు. అయినా వెళ్లాను. ఎందుకు వెళ్లానో అడగకండి, ఎనిమిదేళ్లు తిరిగిన మనిషికి పిలిచిన ఇల్లు కనబడితే కాళ్లు వాటంతట అవే పోతాయి.

లోపల చీకటిగా ఉంది. బయటి ఎండ నుంచి వచ్చిన కళ్లకు ఏమీ ఆనలేదు. ఉడికిన వడ్ల పుల్లటి వాసన... ఇంట్లో పొయ్యి మాత్రం లేదు. గోడలు చెమ్మగా, వెచ్చగా ఉన్నాయి.

"నువ్వు... జమ్లీవా?"

"నువ్వు పెట్టిన పేరే గదా."

లోపలి గదిలో ఎవరో మూలిగారు. తర్వాత అరిచారు. మగగొంతు. అరిచి అరిచి చీలిపోయిన గొంతు...

"ఎవరది?" అన్నాను.

"నా మొగడు. ఇయ్యాల మూడో రోజు." ఆమె గుసగుసగా అంది. "పొద్దుగూకంగ పానం పోతది. తెల్లారితే మల్ల మొదటి రోజు. నువ్వు రాసిన నాటిసంది గిట్లనే."

నేను గోడకు ఆనుకున్నాను. వీపు చురుక్కున కాలింది.

"రాసేటందుకు నీకెంతసేపు పట్టింది బిడ్డా?"

చాయ్ చల్లారకముందే రాశాను.

"గా మూడు రోజుల ముక్క కొట్టెయ్యి. బతికించమని అడుగుతలేను. ఒక్కపారే పోయిండని రాయి. సాలు."

"కొట్టేస్తా. ఒట్టు."

ఆమె బొటనవేలు చాపింది. ప్యాడు మీద అద్ది ఫారం మీద నొక్కింది. ముద్రలో ఒక్క గీత లేదు, నున్నగా నల్లగా పడింది. మిల్లు పని చేసేవాళ్ల వేళ్లు అరిగిపోతాయిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. రోడ్డెక్కేదాకా ఆ అరుపు వినిపిస్తూనే ఉంది.

అక్కడి నుంచి తిన్నగా కోదాడ, బైండింగ్ షాపుకు. సాయి అనే అతను నా పుస్తకం కాగితాలు సర్దుతున్నాడు. ఒక పేజీ మార్చొచ్చా అని అడిగాను.

"మార్చొచ్చు మేడమ్. కాకపోతే మళ్లీ సార్ సంతకం, మళ్లీ కాపీ కొట్టలేదన్న సర్టిఫికెట్. అన్నీ మొదటికొస్తాయి."

నెలాఖరుకు నాలుగు రోజులే ఉన్నాయి. ప్రొఫెసర్ మెచ్చుకున్నది ఆ పేజీనే. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న అంటారు. నేను దాటేశాను కదా.

"వద్దులే, అట్లనే కుట్టెయ్యి" అన్నాను. సిగ్గుపడ్డాను, కానీ అన్నాను.

మూడో రోజు యూనివర్సిటీలో వైవా. జమ్లీ పేజీ గట్టిగా చదవమన్నారు. చదివాను. చప్పట్లు కొట్టారు. బయటికి వచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

"యాడీ, నేను డాక్టర్నయిన!"

మా భాషలో అమ్మను అలాగే పిలుస్తాం. అమ్మ గొంతు తగ్గించి మాట్లాడింది.

"మంచిది బిడ్డా. మనింట్ల నలుగురు ఆడోళ్లొచ్చి కూసున్నరు. నీ లెక్కనే కాయితాలు వట్టుకొని ఏందేందో అడుగుతున్నరు."

నలుగురు.

మీకు ఒక్కరనే చెప్పాను. గైడ్ సార్‌కు ఆ ఒక్కరి సంగతి కూడా చెప్పలేదు. నేను పుట్టించింది నలుగురిని. నిజంగా కలిసింది ముప్పై ఆరు మందినే.

"ఏం... అడుగుతున్నరు?"

"నీ మొగడు ఎట్ల పోయిండు అని. నవ్వొచ్చింది నాకు. మీ నాయన గీడనే మంచం మీద కూసోని చాయ్ తాగుతున్నడాయె."

"యాడీ, వాళ్లకు ఏం చెప్పకు! పంపియ్యి వాళ్లను!"

"నేనేం చెప్తలేను. చెప్పకముందే రాస్తున్నరు." అమ్మ అటు తిరిగి చూసినట్టుంది. "మీ నాయన ఏందో... ఒళ్లు మండుతున్నదంటున్నడు. అంగీ ఇడిసేసిండు."

"యాడీ... ఎన్ని రోజులని రాసిన్రు? జర ఆ కాయితం సూసి చెప్పు!"

అమ్మకు చదవడం రాదని అడిగాక గుర్తొచ్చింది. ఫోన్లో వాళ్లెవరో పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది.