ఫార్వర్డ్‌లో పోయిన పాప

వాట్సాప్ ప్రకారం ఆ పాప మొన్ననే చనిపోయింది. అబిడ్స్‌లోని బట్టల షాపు కౌంటర్ మీద మాత్రం ఉస్మానియా బిస్కెట్ నములుతూ కూర్చుంది.

ఫొటోలో గోడ మీది క్యాలెండర్‌పై షాపు పేరు చూసి వెతుక్కుంటూ వచ్చిన సంహిత, ఫోన్‌నీ పాపనీ మార్చి మార్చి చూసింది.

"ఈ పాప ఎవరు?"

"మా రజనక్క బిడ్డ. నేను మేనమామను, అంజన్. కాటన్ చూపియ్యాల్నా మేడమ్, పట్టు చూపియ్యాల్నా?"

షాపు ముందు నిలబడి, దారిన పోయేవాళ్లను లోపలికి పిలవడం అతని ఉద్యోగం. నోరు ఊరుకోదు.

ఆమె ఫోన్‌ని అతని ముక్కుకు ఆనించినంత పని చేసింది. 'టీకా వేస్తే పాప మృతి. అందరికీ పంపండి.'

అంజన్ ముఖం పాలిపోయింది. "ఫొటో నేనే పెట్టిన, మా చుట్టాల గ్రూపుల. సూది ఏసినంక జర జ్వరమొచ్చింది, దిష్టి తియ్యిండ్రి అని రాసిన. సచ్చిపోయిందని ఎవడు రాసిండు?"

"ఎవడైతేనేం? నేను నాంపల్లి బస్తీ దవాఖానలో డాక్టర్ని. పొద్దున్నుంచి ఒక్క తల్లి రాలేదు. పక్క గల్లీలో పిల్లలకు తట్టు వచ్చింది. టీకాలు పడకపోతే ఎంతమందికి అంటుకుంటుందో!"

కోపంలో ఆమె కళ్లు ఇంకా బాగున్నాయనిపించింది అంజన్‌కి. చెబితే చెంప పగిలేది. అక్కకు ఫోన్ చేసి ఒప్పించి, పాపను చంకనేసుకుని ఆటో పిలిచాడు.

కాసేపట్లో నాంపల్లి గల్లీలో అతని గొంతు ఖంగుమంది.

"రండి రండి! వాట్సాప్‌ల సచ్చిపోయిన పాప! దగ్గరికొచ్చి చూస్కోండ్రి! ముట్టుకుంటే గిచ్చుతది!"

తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు మూగారు. పాప చెయ్యి చాచి జయమ్మ అనే పెద్దావిడ ముక్కుపుడక పట్టుకు లాగింది. అందరూ నవ్వారు, ఆమె తప్ప.

"గదంత సరే బిడ్డా. జ్వరం వచ్చిందా, రాలేదా? నిజం జెప్పు."

బట్ట రంగు పోతుందా అని అడిగిన ఏ గిరాకీకీ అంజన్ ఇంతవరకు పోతుందని చెప్పలేదు. జ్వరం రాలేదంటే పనైపోతుంది. సంహిత అతని వైపే చూస్తోంది.

"వచ్చింది పెద్దమ్మా. రాత్రంతా ఏడ్సింది. మా అక్క గూడ ఏడ్సింది. తెల్లారి తగ్గింది."

సంహిత ముందుకొచ్చింది. "కొందరికి ఒకట్రెండు రోజులు జ్వరం వస్తుంది, సూది వేసినచోట వాస్తుంది. పెద్ద ఇబ్బంది రావడం చాలా అరుదు. అదీ చూసుకోవడానికే వేశాక అరగంట మా దగ్గర కూర్చోబెడతాం. తట్టు అట్లా కాదమ్మా, ఊపిరితిత్తుల దాకా పోతుంది."

"రాలేదంటే ఇంట్లకు వోదును. ఉన్నదున్నట్టు జెప్పిండు" అంటూ జయమ్మ మనవరాలిని ఎత్తుకొచ్చింది. ఆమె వెనక ఇంకో తల్లి. కాసేపటికి వరస దవాఖాన గుమ్మం దాటింది. బయట అంజన్, 'పాప బతికే ఉన్నది, నా ఫొటోతోని అబద్ధం తిప్పుతున్నరు' అని వీడియో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు.

సాయంత్రం సంహిత గ్లవ్స్ తీసేస్తూ బయటికొచ్చింది. "వచ్చే బుధవారం కూడా వస్తారా?"

"పాపను తీస్కరావాల్నా?"

"పాపకు సెలవు."

"మరి నేనొచ్చి ఏం చూపియ్యాలె మేడమ్?"

"ముందు మేడమ్ అనడం మానెయ్యండి. మిగతాది చాయ్ తాగుతూ చెప్తాను."

గల్లీ దద్దరిల్లేలా అరిచిన గొంతు పెగల్లేదు. తల మాత్రం ఊపాడు.

అరగంట ఎప్పుడో అయిపోయినా బెంచీ వదలని జయమ్మ అక్కణ్నుంచే కేకేసింది. "ఔ అని గట్టిగ జెప్పరాదు పిలగా! డాక్టరమ్మ ఎదురు జూస్తుంది!"