గేటు దగ్గర కోడలు

పామర్రులో ఆ వీధి మొత్తానికీ ముందు మేలుకునేది నాగులు ఇల్లే. నాలుగింటికల్లా అతని భార్య గంగారత్నం పొయ్యి దగ్గర ఉంటుంది. నాలుగుంబావుకి కోడలు పద్మశ్రీ జడ అల్లుకుంటూ యూనిఫాం కోసం వెతుక్కుంటుంది. నాలుగున్నరకి నాగులు ఖాకీ చొక్కా తొడుక్కుని పీట మీద కూర్చుంటాడు. కొడుకు గణేష్ మాత్రం ఆరున్నరదాకా దుప్పటి వదలడు. అతనిది విజయవాడ వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్లో పని, పది దాటాక వెళ్ళినా అడిగేవాళ్ళు లేరు.

మావా కోడళ్ళిద్దరూ ఊరి చివర రొయ్యల కంపెనీలోనే పనిచేస్తారు. నాగులు ఆడవాళ్ళ బస్సు డ్రైవరు. రొయ్యలు వలిచే ఆడవాళ్ళని నలభై మందిని చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున్నే ఎక్కించుకొస్తాడు. పద్మశ్రీ ఉండేది గేటు ఆఫీసులో. రెండు నెలల క్రితం కంపెనీ వాళ్ళు అరచేతిలో పట్టే మిషనొకటి తెచ్చి ఆమెకి అప్పగించారు. స్టీరింగ్ పట్టే ప్రతి మనిషీ బండి తీసే ముందు అందులో ఊదాలి. సున్నా వస్తే తాళం ఇవ్వాలి, ఇంకే అంకె వచ్చినా ఇవ్వకూడదు.

ఈ రూలు రాసిన పెద్దమనిషికి లోకంలో మావగార్లూ కోడళ్ళూ ఉంటారని తట్టి ఉండదు. మావగారి ఎదుట కుర్చీలో కూర్చోవడానికే మొహమాటపడే పిల్ల, ఆయన మూతి ముందు గొట్టం పెట్టి ఊదమనాలి. మొదటి రోజు ఆమె మిషను పట్టుకుని తల వంచుకుంది. నాగులే నవ్వి, "ఊదమనడానికి అంత సిగ్గేంటమ్మా, నేనేమన్నా పెళ్ళికొడుకునా" అన్నాడు. వెనక నిలబడ్డ వ్యాన్ల డ్రైవర్లు గొల్లున నవ్వారు. ఆ తర్వాత రోజూ ఆయనే ముందు నిలబడేవాడు. ఆయన ఊదాక మిగతావాళ్ళు గొణుక్కోవడానికి వీల్లేకుండా పోయింది.

నాగులు ఒకప్పుడు గట్టిగా తాగేవాడు. బందరు వైపు సముద్రం మీద వేటకి వెళ్ళే రోజుల్లో పట్టిన అలవాటు, వేట వదిలి స్టీరింగ్ పట్టినా పోలేదు. గణేష్‌కి సంబంధం కుదిరినప్పుడు పద్మశ్రీ తండ్రి ఆ సంగతి విని వెనకాడితే, నాగులు ఒక్కడే ఆయనింటికి వెళ్ళాడు. మీ పిల్ల మా గడప తొక్కాక నా నోట ఆ వాసన వస్తే మీ పిల్లని మీరు తీసుకుపోండి అని మాటిచ్చి వచ్చాడు. ఏడేళ్ళయింది. ఆ మాట మీదే నిలబడ్డాడు. పద్మశ్రీకి తన మావగారంటే అందుకే అంత గురి.

ఆ మంగళవారం పొద్దున నాగులు కొంచెం ఆలస్యంగా లేచాడు. ముందురోజు బందరులో, తనతో ఒకే పడవలో వేటకి తిరిగిన రాంబాబు పెద్దకర్మ. అది చూసుకుని ఆఖరి బస్సుకి ఇల్లు చేరాడు. పీట మీద కూర్చుని తరవాణి మాత్రం రెండు గిన్నెలు తాగాడు. ఎండాకాలం వస్తే గంగారత్నం అన్నంలో గంజి పోసి కుండలో పులియబెడుతుంది. ఆ పుల్లటి నీళ్ళు కడుపులో పడకపోతే ఆ ఇంట్లో ఎవరికీ తెల్లారినట్టుండదు.

గేటు దగ్గర ఎప్పటిలాగే ముందు నిలబడి ఊదాడు. మిషను కుయ్యిమంది. అద్దంలో ఇరవై రెండు అని వచ్చింది.

పద్మశ్రీ ఆ అంకెని తప్పు చదివానేమోనని రెండోసారి చూసింది. వెనక వరసలో డ్రైవర్లు మెడలు చాచి చూశారు. నోరు పుక్కిలించి పావుగంట కూర్చుంటే మళ్ళీ ఊదొచ్చు, రూల్లో ఆ వెసులుబాటు ఉంది. ఆ మాటే మెల్లిగా చెప్పి, "మావయ్య గారూ, కూర్చోండి" అని కుర్చీ లాగింది.

నాగులు కూర్చోలేదు. "వద్దమ్మా. రాసుకో" అని, గేటు పుస్తకంలో తనే సంతకం చేసి, గేటు దాటి నడిచి వెళ్ళిపోయాడు. అవమానంతో వెళ్ళిపోయాడనుకుంది పద్మశ్రీ. వేరే డ్రైవరు దొరికేసరికి గంట పట్టింది. నలభై మంది ఆడవాళ్ళకీ కారణం తెలిసిపోయింది. ఆ సాయంత్రం ఆమె ఇల్లు చేరేలోపే కబురు పామర్రు అంతా తిరిగొచ్చింది.

ఇంట్లో గంగారత్నం అరవలేదు. అరిచినా బాగుండేది. "ఏడేళ్ళుగా ముట్టని మనిషిని నలుగురిలో తాగుబోతుని చేశావు. అదే మీ నాన్నయితే రాసేదానివా?" అని ఒక్కటడిగి లోపలికి పోయింది. ఆ తర్వాత మాట్లాడలేదు. కోడలికి వడ్డించడం మానేసింది. గిన్నెలు మూతలు పెట్టి ఉండేవి, కావలసినవాళ్ళు పెట్టుకు తినాలి. గణేష్ పెళ్ళాన్ని వెనకేసుకు రాలేక, తల్లిని కాదనలేక, ఫోన్‌లో వెతికి ఒక సంగతి కనిపెట్టాడు. పులిసినవి తాగిన వెంటనే ఊదితే మిషనుకి తాగినవాడూ తాగనివాడూ ఒకలాగే కనిపించొచ్చట. గంగారత్నానికి ఆ మాట చాలు. తన తరవాణి వల్లే ఇదంతా జరిగిందని ఒకవైపు కుమిలిపోయింది, మొగుడి పేరు నిలబడిందని ఇంకోవైపు పొంగిపోయింది.

నాగులు మాత్రం వీధి అరుగు మీద కూర్చుని రోడ్డున పోయే బస్సులు చూసేవాడు.

పద్మశ్రీకి ఆ తరవాణి కబురుతో ప్రాణం లేచొచ్చినట్టయింది. అంటే మావయ్య గారు తాగలేదన్నమాట. తనే మొండిగా పావుగంట కూర్చోబెట్టి ఉండాల్సింది. గురువారం మేనేజరు సొలొమోను గారి దగ్గరికి వెళ్ళి విషయం చెప్పింది. ఆయన మంచివాడే, కాని మెత్తనివాడు కాదు. రేపు పొద్దున గేటు పని ఇంకొకరికి అప్పగిస్తాను, నా ఎదురుగా నువ్వు ఆ తరవాణి తాగి ఊదమ్మా, అంకె వస్తే ఆయన పేరు మీదున్న తప్పు కొట్టేస్తాను అన్నాడు. అయితే ఆయన తాగలేదని నువ్వు కాగితం మీద రాసి సంతకం పెట్టాలన్నాడు. తర్వాత అది అబద్ధమని తేలితే ఆయనతో పాటు నువ్వూ ఇంటికే. కొట్టేయకపోతే మాత్రం ఇంక రెండేళ్ళ సర్వీసున్న డ్రైవరు స్టీరింగ్ మీదికి రావడం కష్టమేనని కూడా చెప్పాడు.

ఆ రాత్రే పద్మశ్రీ కాగితం రాసేసింది. శుక్రవారం పొద్దున సీసాలో తరవాణి నింపి, మూత బిగించి, కాగితం పీట మీద పెట్టి కలం వెతుక్కుంటోంది. గంగారత్నం మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆమె పక్కన నిలబడింది. నాగులు అరుగు మీంచి లేచి వచ్చి, ఆ కాగితం తీసుకుని, దీపం కిందికి జరిగి చదువుకున్నాడు. మా మావగారు ఏడేళ్ళుగా మందు ముట్టలేదని నాకు స్వయంగా తెలుసు, అందుకు నాదే పూచీ అని ఉంది అందులో.

చదివిందే మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"సంతకం పెట్టకమ్మా" అన్నాడు చివరికి. "తాగాను."

గంగారత్నం ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. రాంబాబు పెద్దకర్మ అయ్యాక పాత పడవ వాళ్ళంతా సముద్రం ఒడ్డున కూర్చున్నారట. చచ్చినవాడి పేరున ఒక గ్లాసు పోసి ఇసకలో పెట్టారు. దాన్ని ఒలకబొయ్యాలి. ఒలకబొయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. నేను తాగుతాను వాడి వాటా అని నాగులు ఎత్తాడు. ఒకటి మూడైంది. తెల్లారేసరికి దిగిపోతుందనుకున్నాడు, వాసన పోతుందని రెండు గిన్నెల తరవాణి తాగాడు.

పద్మశ్రీ కలం వెతకడం ఆపి ఆయన ఎదుటికి వచ్చింది. "మరి ఆ రోజే చెప్పొచ్చు కదా మావయ్య గారూ" అంది. గొంతులో కోపం లేదు, ఏడుపే ఉంది.

"మీ అత్త తరవాణి వల్లేనని ఏడుస్తుంటే ఊరుకున్నాను. నిన్ను అన్నం దగ్గర ఒంటరిదాన్ని చేస్తే ఊరుకున్నాను. తాగినదానికి సిగ్గుపడ్డానమ్మా, కాని నువ్వు మాటలు పడుతుంటే నోరు మూసుకున్నానే, దానికి ఏం చెప్పను? నలభై మంది ఆడపిల్లల బస్సు. ఎక్కి కూర్చునేవాణ్ణే, నువ్వు ఆపావు." ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు నన్ను నమ్మకపోయినా తట్టుకునేవాణ్ణి. నమ్మి నీ అన్నం పణంగా పెడుతున్నావు."

గంగారత్నం గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఆమె మొగుణ్ణి చూడలేదు. కోడలి చెయ్యి పట్టుకుని, "మూడు రోజులు నీ కంచంలో మెతుకు వెయ్యలేదే పద్మా నేను" అని కొంగు నోట్లో కుక్కుకుంది. పద్మశ్రీ పక్కన చతికిలబడి అత్తని పట్టుకుంది. అలికిడికి లేచి వచ్చిన గణేష్ ఎవరు ఎవర్ని ఓదారుస్తున్నారో అర్థం కాక గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఆరింటికి మావా కోడళ్ళిద్దరూ కలిసే కంపెనీకి నడిచారు. సొలొమోను గారు తరవాణి పరీక్షకి సిద్ధంగా మిషను బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. నాగులు ఆయన ముందు చేతులు కట్టుకుని ఉన్నదంతా చెప్పాడు. మేనేజరు మిషను తీసి సొరుగులో పెట్టేశారు. తర్వాత, తనంతట తానొచ్చి చెప్పినందుకు ఉద్యోగం తియ్యను గాని ఆరు నెలలు స్టీరింగ్ ముట్టకూడదు, షెడ్డులో బండ్లు కడగాలి అన్నారు. నాగులు సరేనన్నాడు.

సొలొమోను గారు శిక్షలు రాసే పుస్తకం తెరిచి ఒక్కొక్క గడీ నింపసాగారు. డ్రైవరు పేరు, తేదీ, వచ్చిన అంకె. ఆపిన ఉద్యోగి అన్న చోట పద్మశ్రీ అని రాశారు.

నాగులు బల్ల మీదికి వంగి చూశాడు.

"పక్కన మా కోడలు అని కూడా రాయండి సార్" అన్నాడు. "నన్ను ఆపింది నా కోడలని నా పేరు పక్కనే ఉండాలి."

అలాంటి గడీ పుస్తకంలో లేదని మేనేజరు అన్నారు. నాగులు కదల్లేదు. సొలొమోను గారు కళ్ళజోడు సర్దుకుని, పద్మశ్రీ పేరు పక్కనున్న కొద్దిపాటి జాగాలో, చిన్న అక్షరాలతో ఆ మాట రాశారు. పద్మశ్రీ చూడలేక కిటికీ వైపు తిరిగింది. బయట ఆడవాళ్ళ బస్సు వచ్చి ఆగింది, వాళ్ళు ఒక్కొక్కరే దిగి లోపలికి వస్తున్నారు.