గరుడకి కిటికీలు ఎన్ని?

"కొరియర్ చచ్చిపోయాడు," అన్నాడు దైవాధీనం. "కనక ఇవాళ్టి నుంచి కొరియర్‌వి నువ్వే."

స్పెషల్ ఏజెంటు శేషగిరి బల్ల మీద కూర్చున్నాడు. పెడనలో అద్దకం బట్టలు ఆరేసిన దొడ్డి అది. పై అధికారి దైవాధీనం నెత్తికి తలపాగా చుట్టి, చేతులకి నీలిరంగు పూసుకుని, వ్యాపారి వేషంలో ఉన్నాడు. వేషం మరీ బాగా కుదిరింది. పొద్దుటి నుంచి ఇద్దరు బేరమాడి దుప్పట్లు కొనుక్కుపోయారని ఆయన విసుక్కుంటున్నాడు.

అది 1942. కాకినాడ మీద జపాను బాంబులు పడి మూడు నెలలైంది. బందరు తీరానికి దూరంగా మందుగుండు ఓడ ఒకటి లంగరు వేసి ఉంది. దాని జాడ సబ్‌మెరీన్‌కి వైర్‌లెస్‌లో అందించడానికి శత్రు ముఠా మనిషి ఒకడు ఇక్కడే కాచుకుని ఉన్నాడు. కోడ్ పేరు కొంగ. వాడి ట్రాన్స్‌మిటర్‌లో వాల్వు మాడిపోయింది. కొత్త వాల్వు తెస్తున్న కొరియర్ పోలీసులకి దొరికిపోయి విషం మింగాడు. పోయేముందు నాలుగు ముక్కలు కక్కాడు.

"కొంగ ఎవరు, సార్?"

"తెలీదు. 'వ్యోమగరుడ' చదువుతావా?"

"వారపత్రికలో వచ్చే సీరియలేగా? ఆకాశంలో ఎగిరే నౌక, అంగారకుడి మీద రాక్షసులు..."

"దానికి బందరులో ఓ అభిమాన మండలి ఉంది. రేపు పడవలో మోపిదేవి విహారయాత్ర. కొంగ వాళ్లలో ఒకడు. గరుడ నౌకకి కిటికీలెన్ని అని నువ్వు అడగాలి. తొమ్మిది అన్నవాడే కొంగ."

"అందరూ తొమ్మిదే అంటే?"

"అనరు. అసలు జవాబు ఏడట. పొరపాటున ఇంకెవరూ అనకూడదనే తప్పుది పెట్టుకున్నారు."

దైవాధీనం వాల్వుతో పాటు ఒక ఫౌంటెన్ పెన్ను కూడా చేతిలో పెట్టాడు. క్యాపు తిప్పితే మత్తుపొగ చిమ్ముతుందని మద్రాసు ఆఫీసు వాళ్ల హామీ.

"ఇంకో మాట. పడవలో లీలావతి అని నాటకాల్లో వేసే ఆవిడ ఉంటుంది. ముఠా మనిషి. మన మనిషి కూడా. కొంగ ఎవరో ఆవిడకీ తెలీదు."

"ఆవిణ్ణి నమ్మొచ్చా?"

"నేనైతే నమ్మను. నీ ఇష్టం."

మర్నాడు గుడివాడ జవుళి ఏజెంటు సాంబశివరావు పేరుతో శేషగిరి పడవెక్కాడు. ఎక్కాడన్న మాటేగాని, మధ్యాహ్నం దాకా నోరు విప్పే సందు దొరకలేదు. మండలి సభ్యులు బావా అని వరస కలుపుకున్న ముగ్గురే, మూడువందల మంది పెట్టు.

"పద్నాలుగో వారంలో చచ్చిపోయిన వంటవాడు ఇరవయ్యో వారంలో ఇడ్లీలు ఎలా వేశాడండీ?" ఇది గూడూరు బడిపంతులు పురుషోత్తం మాస్టారి ఆవేదన.

"చచ్చిపోయాడని ఎవరన్నారు?" ఆస్పత్రి కాంపౌండరు మత్తయి ఒప్పుకోలేదు. "నాడి చూశారా ఎవరైనా? కళ్లు తేలేశాడని రాశాడంతే. రోజూ తేలేస్తుంటారండీ మా దగ్గర."

"వాడికి కవల తమ్ముడున్నాడు. ఆరో వారంలో ఒక్క ముక్కలో చెప్పాడు. మీరు సరిగ్గా చదవలేదు," అంటూ తీర్పిచ్చాడు అధ్యక్షుడు జనార్దనరావు. ఆయన రిటైరైన హెడ్ క్లర్కు. పక్కన పెద్ద టిఫిన్ క్యారియరు పెట్టుకుని, పులిహోర ఎవరికీ పెట్టకుండా, సందేహాలు మాత్రం అందరికీ తీరుస్తున్నాడు.

పడవ కాలువ మట్టం మారేచోట కట్టిన లాకులోకి జారింది. వెనక తలుపులు మూసేశారు. ముందు తలుపులు తెరవాలంటే లోపలి నీళ్లు కింది కాలువ మట్టానికి దిగాలి. పడవవాళ్లు గట్టెక్కి, లాకు తలుపులు తీసే లస్కరుతో కబుర్లలో పడ్డారు. తూముల్లోంచి నీళ్లు పోతున్నకొద్దీ పడవ కిందికి దిగిపోతోంది. రెండువైపులా పాచిపట్టిన రాతిగోడలు లేచి, పైన ఆకాశం చాపంత మిగిలింది. ఇదే అదనని శేషగిరి గొంతు సవరించుకున్నాడు.

"నాదో చిన్న సందేహమండీ. గరుడ నౌకకి కిటికీలెన్ని?"

"ఏడు!" ముగ్గురూ ఒక్కసారే అన్నారు.

శేషగిరి ఒక్కొక్కరి మొహమే చూశాడు. ముగ్గురూ బడిలో ఎక్కం అప్పజెప్పిన పిల్లల్లా తృప్తిగా ఉన్నారు. ఎవడూ తొమ్మిది అనడే!

జరీచీర గరగరలాడింది. లీలావతి వచ్చి అతని పక్కనే కూర్చుని తమలపాకుల పెట్టె తెరిచింది. ఆకుల కింద పిస్తోలు నల్లగా మెరిసింది.

"నవ్వుతూ వినండి," అంది మెల్లగా, ఈనె తీస్తూ. "సంకేతం కలవకపోతే ముందు తలుపులు తెరిచేలోగా కొరియర్‌ని ముగించమని నాకు ఆర్డరు. ముగించకపోతే కొంగ నన్ను ముగిస్తాడు. ఎక్కడో ఇక్కడే కూర్చుని చూస్తున్నాడు."

"మరి ఏం చేస్తారు?"

"రెండుచోట్లా జీతం తీసుకుంటున్నానండీ. ఎటు మొగ్గాలో ఇప్పుడే ఆలోచిస్తున్నాను."

శేషగిరికి నిజంగానే భయం వేసింది. రంగూన్‌లో ఇంతకంటే గడ్డు రోజులు చూశాడు గాని, అక్కడ పరిగెత్తడానికి వీధులుండేవి. ఇక్కడ ముందు తలుపు, వెనక తలుపు, అటు గోడ, ఇటు గోడ. గోడ పట్టుకుని ఎక్కుదామంటే పాచి. చావు సంగతి అలా ఉంచి, చచ్చేముందు చెవిన పడే ఆఖరి మాటలు ఇడ్లీల గురించి కాబోతున్నాయని ఏడుపొచ్చింది. అయినా మాటలు సాగదీయడం తప్ప చేయగలిగింది లేదు.

"ఏడేనంటారా?" అన్నాడు. "నాకెందుకో నమ్మకం కుదరట్లేదండీ."

"అయ్యో, అదేమిటండీ! మూడో వారంలో కెప్టెను ఒక్కో కిటికీకి ఒక్కో సప్తర్షి పేరు పెట్టలేదూ?" అన్నారు మాస్టారు జాలిగా.

"రాక్షసులు రాళ్లేసినప్పుడు ఏడు అద్దాలూ పగిలాయి. నౌకంతా చలి. నాకైతే చదువుతుంటే జలుబు చేసింది," అన్నాడు మత్తయి.

జనార్దనరావు ఇక ఆగలేకపోయాడు. తొడ మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. "ఏమిటండీ ఈ నస! ఏడంటే ఏడు! తొమ్మిది అని కూసేవాడు గరుడ గుమ్మం కూడా తొక్కనట్టే!"

ఎక్కడో నీళ్లు బుడబుడమన్నాయి. పురుషోత్తం మాస్టారు కళ్లజోడు సర్దుకుని, రెండు సంచికల మధ్య తేడా పట్టుకున్నప్పటి మొహంతో అడిగారు. "అదేమిటి బావగారూ? ఇక్కడ తొమ్మిది అని ఎవరన్నారు?"

జనార్దనరావు మొహంలో రంగు దిగిపోయింది. చెయ్యి టిఫిన్ క్యారియరు మీదికి పోయింది. పై గిన్నె తీస్తే పులిహోర. దాని కింది గిన్నెలోంచి పిస్తోలు వచ్చి శేషగిరి గుండెకి గురిపెట్టుకుంది. ఆ కింది గిన్నెలో ట్రాన్స్‌మిటర్ రాగితీగలు కనిపించాయి.

"వాల్వు ఇటివ్వండి," అన్నాడు. గొంతు మాత్రం ఇంకా హెడ్ క్లర్కుదే. "తలుపులు తీయగానే నేను దిగిపోతాను. గట్టు మీద బండి ఉంది."

"సంకేతానికి జవాబు చెప్పి ఉంటే మర్యాదగా ఇచ్చేవాణ్ణిగా?"

"ఇంతమందిలో తొమ్మిది అనమంటారా? అధ్యక్షుణ్ణండీ నేను! అది తప్పు, మార్చండి మహాప్రభో అని రెండుసార్లు కబురు పెట్టాను. విన్నారు కాదు."

"అలాంటివాళ్ల కోసం ఓడనిండా మనుషుల్ని ముంచుతారా?"

జనార్దనరావు కళ్లు ఒక్క క్షణం వాలాయి. "వాళ్లు నిజంగానే గరుడలాంటి నౌక కడుతున్నారట. యుద్ధమయ్యాక ఎక్కిస్తామన్నారు. వాల్వు ఇవ్వండి."

శేషగిరి పెన్ను క్యాపు తిప్పాడు. పొగ రాలేదు. సిరా మాత్రం ధారాళంగా కారి పంచె తడిపింది. ముందు తలుపులు కిర్రుమన్నాయి. సందులోంచి వెలుగు సన్నగా నీళ్ల మీద పడింది. లీలావతి చెయ్యి ఆకుల కింద ఉంది. ఆవిడ చూపు ఎటున్నదీ తెలియలేదు.

"సరే, కాల్చండి," అన్నాడు శేషగిరి. "కానీ మా ఆఫీసు రికార్డులో ఇప్పటికే ఎక్కింది. వ్యోమగరుడకి కిటికీలు తొమ్మిది. సర్కారు ముద్ర కూడా పడింది. మీరు పోయినా, నేను పోయినా, ఇక అది తొమ్మిదే."

"రామ రామ! అలా ఎలా రాస్తారండీ! ముందు దాన్ని కొట్టేసి..."

పిస్తోలు ఇంకా చేతిలోనే ఉంది, చూపుడు వేలు మాత్రం తప్పు దిద్దడానికి గాల్లోకి లేచింది. ఆ వేలు మళ్లీ ట్రిగ్గరు మీదికి వచ్చేలోగా ఇత్తడి తమలపాకుల పెట్టె ఆయన మణికట్టు మీద ఠంగుమని పడింది. పిస్తోలు నీళ్లలో మునిగింది. మత్తయి ఆయన్ని వెనక నుంచి వాటేసుకుని, "ఎంత పని చేశావు బావా," అంటూ బావురుమన్నాడు. లాకు తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

శేషగిరి సిరా కారిన పంచె పిండుకున్నాడు. "చివరికి మా జీతమే నయమనిపించిందా?" అన్నాడు లీలావతితో.

"కాదండీ. ఆయన నాకు పొద్దుటి నుంచి పులిహోర పెట్టలేదు."

కబురందుకుని కానిస్టేబుళ్లు వచ్చారు. బేడీలతో గట్టెక్కుతూ జనార్దనరావు ఆగి, శేషగిరిని పక్కకి పిలిచాడు. మొహం వాడిపోయి ఉంది.

"ఉరేనంటారా?"

"యుద్ధకాలం కదండీ," అన్నాడు శేషగిరి తలొంచుకుని.

"అంతే లెండి. చేసుకున్నదానికి ఏడ్చి లాభం లేదు. ఒక్క మనవి. సీరియల్ ఇంకో ఏడాది నడుస్తుందని పత్రికవాళ్లు వేశారు. కాస్త చూసి విచారణ పెట్టించండి, బాబూ."

ఆ సాయంత్రం శేషగిరి మద్రాసుకి టెలిగ్రాం ఇచ్చాడు. కొంగ దొరికాడు, ఓడ క్షేమం, ముఠా మూలాలు మహా లోతుగా ఉన్నాయి గనక దర్యాప్తుకి ఎంత లేదన్నా ఏడాది పడుతుంది.