విత్తు వెయ్యని ట్రే

నీళ్ళూ మట్టీ పరీక్షించడమే పని కాబట్టి ల్యాబులో అందరూ ఆమెను నీళ్ళమ్మ అంటారు. టీ ఇచ్చినా ముందు వాసన చూస్తుందని వెక్కిరిస్తారు. ఆ సాయంత్రం మాత్రం ఆమెకు నవ్వే ఓపిక లేదు. పరీక్షకు వచ్చిన మట్టి సొంత చెల్లెలి పెరటిది.

చెల్లెలి ఇంటి పక్క గోదాములో పీపాలు పగిలి కలుపు మందు ఆ పెరడంతా పాకింది. పైమట్టి ఎత్తించారు, బొగ్గుపొడి కలిపారు, బావి నీళ్ళు తోడి వడకట్టారు. నెలల బిడ్డతో అద్దె గదిలో ఇరుక్కున్న చెల్లెలు, ఇంటికి ఎప్పుడు వెళ్ళొచ్చని రోజూ ప్రాణం తీస్తోంది.

మిషన్ల కంటే మొలకలనే ఎక్కువ నమ్ముతుంది నీళ్ళమ్మ. వారం క్రితం ఆ మట్టిని ట్రేలలో నింపి ఆవాలు చల్లింది. మందు మిగిలి ఉంటే మొలక బతకదు. ఇవాళ పొద్దున గుమ్మంలోంచి తొంగి చూస్తే ఒక ట్రే పచ్చగా కనిపించింది. ఆనందం పట్టలేక, అది ఏ ట్రేనో కూడా చూడకుండా, ఇంటికి వెళ్ళిపొమ్మని చెల్లెలికి చెప్పేసింది.

ఇప్పుడు దగ్గరికి వెళ్ళి చూసింది. ఆవాలు వేసిన ట్రేలన్నిట్లో గింజలు కుళ్ళిపోయాయి. పచ్చగా ఉన్నది, పోలిక కోసం అదే మట్టిని బాగా కాల్చి, విత్తు వెయ్యకుండా వదిలేసిన ట్రే. అందులో మొలవడానికి ఏమీ లేదు.

బయట వాన. గదిలో మందు ఘాటు... దాని వెనక సన్నగా పసిబిడ్డల పాలవాసన. కిటికీలు మూసే ఉన్నాయి. ట్రేలోని గడ్డి మాత్రం కదులుతోంది.

ఒక పోచ పీకింది. కింద వేరు లేదు. మెత్తటి వెంట్రుకలు...

చెల్లెలికి ఫోన్ చేసి, బాబు ఎలా ఉన్నాడని అడిగింది.

"ఇందాక గుక్కపెట్టి ఏడ్చాడక్కా. బావి నీళ్ళతో స్నానం చేయించాను. ఇప్పుడే పడుకున్నాడు."

"వాణ్ణి ఎత్తుకుని బయటికి వచ్చెయ్," అని గొణిగింది నీళ్ళమ్మ.

అప్పుడే ట్రేలో ఒక పోచ దానంతటదే పైకి ఊడి వచ్చింది. ఫోన్‌లో బిడ్డ కెవ్వుమన్నాడు. ఇంకో పోచ... ఇంకో కేక...

నీళ్ళమ్మ రెండు చేతులతో ఫోన్‌ను గట్టిగా పట్టుకుంది. చెల్లెలి గొంతు ఫోన్‌కు దూరంగా, గదిలో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వినిపించింది.

"అక్కా... నువ్వెప్పుడొచ్చావు? వాడి జుట్టు వదులు."