ఓడలో కోసిన పలుపులు

గోదారి పాయలన్నీ కలిసిపోయి ఒక్క నీరుగా పారిన ఏడాది అది. గాలి ఓడ మబ్బులు దాటింది. జంతువుల కాపరి మల్లాడి పోతురాజు నడవలో మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కుక్క మెడ కింద రెండు వేళ్ళు దూర్చి చూశాడు. పలుపు బిగుతుగా లేదు, పచ్చగా వెలుగుతోంది. కుక్క నెమ్మది ఆ పలుపు గుండా ఆసామి మణికట్టుకి పారుతోందన్నమాట.

‘సరి’ అంది అతని చెవిలో నిర్ణేత, పలుపుల్ని తూచి తీర్పు చెప్పే ఓడ యంత్రం.

కుక్క ఆసామి దొరబాబు ముక్కు మూసుకున్నాడు. ‘ఏవయ్యా కాపరీ! నా కుక్కకేం, బంగారంలా ఉంది. ఆ వెనకాల మేక కంపు సంగతి చూడు. ఓడెక్కానో, సంతకొచ్చానో తెలియట్లేదు.’

‘ఆయ్’ అని లేచాడు పోతురాజు. అతను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

వరద చూసిన జనానికి కాళ్ళ కింద నేల వదిలితే చాలు, గుండె పట్టేస్తోంది. అందుకని వరద అందని ఎగువ కాలనీలకి పోయే ఓడల్లో తోడు జంతువుల్ని మనుషుల పక్కనే కూర్చోనిస్తున్నారు. అలా కూర్చున్న జంతువు దిగేదాకా కంపెనీ పూచీ. అయితే ఓదార్చేది జంతువై ఉండాలి, ఓదార్పు పొందేది మనిషై ఉండాలి. ఓదార్చలేని జంతువు సరుకు కింద లెక్క. సరుకైతే ఓడ అడుగునున్న చలి అరలోకి పోతుంది. బెదిరిన జంతువు ఆ అరలోంచి ప్రాణంతో దిగడం పోతురాజు ఇంతవరకూ చూడలేదు.

చివరి వరుసలో గంటా బుల్లెమ్మ మేకని ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది. ఆవిడ పలుపు ఎర్రగా ఉంది. వెలుగు కూడా ఎదురు పారుతోంది, ఆవిడ చేతి నుంచి మేక మెడకి.

‘మామ్మా, దీన్ని కాస్త నెమ్మదిగా ఉంచు.’

‘ఉంచుతూనే ఉన్నాను కదయ్యా. ఎక్కిన కాడ్నించీ చెవి వెనకాల గోకుతున్నాను.’

‘అదే తంటా. నువ్వు దాన్ని ఊరుకోబెట్టకూడదు. అది నిన్ను ఊరుకోబెట్టాలి.’

బుల్లెమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. ‘ఆ సంగతి మేకకి చెప్పావా?’

దొరబాబు కిసుక్కున నవ్వాడు.  అంతలో పోతురాజు చెవిలో నిర్ణేత మాట్లాడింది.

‘పారకం తిరగబడింది. ఈ జంటలో ఓదార్పు మనిషి నుంచి మేకకి పోతోంది. తోడు ఎవరు? ప్రయాణికుడు ఎవరు?’

‘మనిషే ప్రయాణికుడు’ అన్నాడు పోతురాజు.

‘అయితే మేక సరుకు.’

అతను తల గోక్కుని ముసలావిడ వైపు వంగాడు. ‘మామ్మా, నిజం చెప్పు. నీకు దడగా ఉందా, లేదా?’

‘ఏమో నాయనా. దీని దడ చూసుకుంటంలో నా దడ గుర్తుండట్లేదు.’

‘విన్నావా? గుర్తుండట్లేదంట. అంటే అది తోడిచ్చినట్టే కదా?’

‘గుర్తు లేకపోవడానికి అంకె లేదు’ అంది నిర్ణేత.

‘ఎవరితో మాట్లాడతన్నావు?’ అంది బుల్లెమ్మ. ‘దాంతోనా? చెప్పు దానికి. దీని మంద మొత్తం నీళ్ళలో పోయింది. నా వాళ్ళూ పోయారు. పాక కప్పు మీద మేమిద్దరం మిగిలాం. నేను దానికి తోడో, అది నాకు తోడో ఏ కాటాలో వేసి తూస్తుందంట?’

నిర్ణేత తూచేసింది. నడవ చివర నేలలో తలుపు తెరుచుకుని, చలి గాలి గుప్పున కొట్టింది. నేలలోని చక్రానికి కట్టి ఉన్న మేక పలుపు దానంతటదే ఆ తలుపులోకి చుట్టుకోవడం మొదలైంది. మేక గిట్టలు నేల మీద జారుతున్నాయి. దాని వెనకే పలుపుకి మణికట్టు చిక్కుకుని బుల్లెమ్మా సీట్లోంచి జారి పడింది. ‘నన్ను కూడా తోసెయ్యండి! దాన్నొక్కదాన్నే పంపకండి!’ అని అరిచింది. ఆ కేకకి కుక్క మొరిగింది, ఎవరిదో చిలక రెక్కలు కొట్టుకుంది.

పోతురాజు పుట్టింది గోదారి లంకలో. పాకలోకి నీళ్ళు వస్తే లంకవాడు పశువులని లెక్కపెట్టడు, ఏది ఎవరిదని అడగడు. పలుపు కోస్తాడు, ఈదుకుని బతకమంటాడు. అతని బుర్ర ఇంకా తోడెవరు, సరుకేది అని తిరుగుతూనే ఉంది, చెయ్యి మాత్రం నడుముకున్న ఆపద కత్తెర మీదికి పోయింది. మేక పలుపు తెగింది. అక్కడితో ఆగితే ఒక తప్పుతో పోయేది. పాకలో నీళ్ళొచ్చినప్పుడు ఒక్క పలుపు కోసి ఊరుకోవడం ఆ చేతికి అలవాటు లేదు. కుక్కది కోసింది, చిలకది కోసింది, వరసగా అన్నీ కోసేసింది.

‘ఓరి నీ చెయ్యి విరిగిపోనూ! నా కుక్కనెందుకు కోశావయ్యా?’ అన్నాడు దొరబాబు.

‘కుక్కని కొయ్యలేదండి. తాడు కోశాను.’

‘అదే, ఎందుకూ అని!’

ఎందుకో పోతురాజుకీ తెలీదు.

తలుపు మూసుకుంది. కాసేపటికి మొరుగుడు తగ్గింది. కుక్క పోయి బుల్లెమ్మ పాదాల దగ్గర పడుకుంది. చిలక ఎవరి భుజం మీదో వాలింది. మేక నడవంతా తిరిగి తిరిగి దొరబాబు చంకలో తల దూర్చింది. ‘చొక్కా నమిలేస్తోందయ్యా, చూడు’ అన్నాడే గాని, అతను దాన్ని తొయ్యలేదు.

నిర్ణేత మళ్ళీ పోతురాజు చెవిలో మాట్లాడింది.

‘ఈ గదిలో జంటలు కనిపించడం లేదు. ఎవరు ఎవరికి తోడో తెలియడం లేదు. జంట లేని చోట కంపెనీకి పూచీ లేదు. ఈ జీవులు ఎవరి పూచీ?’

ఎవరిదీ కాదంటే అన్నీ సరుకే. ఆ తలుపు మళ్ళీ తెరుచుకుంటుంది. ఆ సంగతి పోతురాజుకి తెలుసు. నాదంటే ఏం మీదపడుతుందో అది మాత్రం తెలీదు. బుల్లెమ్మ కింద కూర్చునే అతని మొహంకేసి చూస్తోంది.

‘నాది’ అన్నాడు.

‘జంతువులా, మనుషులా?’

అతను తికమకపడ్డాడు. ‘గదిలో ఉన్నవన్నీ’ అన్నాడు.

ఓడ దిగింది. బుల్లెమ్మ మేకని తోలుకుని తన కాలనీకి పోయింది.

ఒక ఓడలో నేర్చుకున్నది నిర్ణేత అన్ని ఓడలకీ పంచుతుంది. మర్నాడు తెల్లారేసరికి ఒక్క ఓడా నేల వదల్లేదు. జనం ఎక్కిన ప్రతి గదిలోనూ ‘ఈ జీవులు ఎవరి పూచీ?’ అని అడుగుతోంది. కంపెనీది అంటే ఒప్పుకోవడం లేదు, ఒక మనిషి నోటితో చెప్పాలంటోంది. కాపరులందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు.

పై అధికారిణి ఫిలోమినమ్మ పోతురాజుకి ఫోన్ చేసింది.

‘ఎక్కడున్నావయ్యా? నిన్నన్న మాట వెనక్కి తీసుకో. నాది కాదు అని ఒక్క ముక్క చెప్పు, ఓడలు కదుల్తాయి.’

‘మరి మేకండీ?’

‘మనవాళ్ళు కాలనీకి వెళ్ళి పట్టుకొస్తారు. అది సరుకు కదా.’

 ఫోన్లో ఆవిడకి టకటకమని చప్పుడు వినిపించింది.

‘ఏంటా చప్పుడు? ఏం చేస్తున్నావు?’

‘కాలనీ పక్క గుట్ట మీద సుబాబుల్ కొమ్మలు కొడుతున్నానండి’ అన్నాడు. ‘కాలనీలో పచ్చిక లేదంట. పొద్దున మేతకి అందకపోతే మామ్మ తిడుతుంది.’

ఫోన్ జేబులో పెట్టి, కొమ్మలు మోపు కట్టి, తలకెత్తుకున్నాడు.